కింది గదిలోంచి పాకిన పగులు

మా వంటింటి తలుపు బిగుసుకుపోవడం మొదలైంది. వానలకు చెక్క ఉబ్బిందనుకుని వడ్రంగితో అంచు చెక్కించాను. కొన్నాళ్ళకే మళ్ళీ పట్టేసింది. ఈసారి పక్కగోడ మీద, కింది నుంచి పైకి, చిటికెన వేలు దూరేంత పగులు కనిపించింది.

సూరత్‌లోని డిండోలిలో మాది రెండంతస్తుల ఇల్లు. పైన మేము, కింద కిరాయివాళ్ళు. సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే మనిషి, అతని భార్య, ఊరి నుంచి తెచ్చుకున్న ముసలి తండ్రి. మా పెద్దల జిల్లావాళ్ళే, మా కులంవాళ్ళే. నా భార్యకు ఆపరేషన్ అయినప్పుడు మాకు అన్నం వండిపెట్టింది ఆ ఇల్లాలే. మేం ఊరెళితే తాళాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి.

మేస్త్రీ వచ్చి గోడ తట్టి చూసి, "నీచేథీ కోయీ ఖోదే ఛే" అన్నాడు. కింద ఎవరో తవ్వుతున్నారట! లంకెబిందెల కోసమా అని నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఈమధ్య కిందికెళితే వాళ్ళు నన్ను ముందు గదిలోనే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి పంపుతున్నారు. వెనక గది తలుపు ఎప్పుడు చూసినా మూసే ఉంటోంది.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. అడుగుదామంటే తిన్న అన్నం గుర్తొస్తుంది. ఊరుకుందామంటే ఇల్లు నెత్తిన పడేలా ఉంది. "అడుగు, నీ ఇల్లే గద!" అని నా భార్య తోసేది. "నువ్వే అడుగు" అంటే తనూ కదిలేది కాదు. నా ఇంటి మెట్లు దిగడానికి నాకే భయం వేసింది.

చివరికి దిగాను. "తమ్మీ, వెనక గదిల ఏమన్న పని చేపిచ్చినవా?"

అతను దాచలేదు, తడబడలేదు. "బాపు మగ్గం అన్నా. మీరే పెట్టుకోమన్నరు గద. గాలికి పోగులు చిక్కువడ్తయని తలుపేస్తున్నం" అని తలుపు తీశాడు.

ముసలాయన నేల మీద కూర్చుని, చూపు ఆనక పోగులు తడుముకుంటూ తువాలు నేస్తున్నాడు. మోకాళ్ళ కింద కాళ్ళు కనబడలేదు. అవి గుంతలో ఉన్నాయి. ఆ గుంత సరిగ్గా ఇంటి పిల్లరును ఆనుకుని ఉంది.

నేను సూరత్‌లో పుట్టినవాణ్ణి. మగ్గమంటే నాకు మంచంలా ఓ మూల వేసుకునే చట్రం. వాళ్ళకు మగ్గమంటే గుంత మగ్గం. "పెట్టుకోండి, దానికి కూడా అడగాలా?" అని, వాళ్ళు అడగ్గానే దర్జాగా అన్నది నేనే.

"నేల తవ్వుతమని చెప్పద్దా?" ఒళ్ళు మండి అరిచాను.

అతను తెల్లబోయాడు. "గుంత లేకుంట మగ్గమేంది అన్నా?"

చట్రం మగ్గం కొనిస్తానన్నాను. దాని ఎత్తు బల్ల మీద కూర్చుంటే తండ్రికి కళ్ళు తిరుగుతాయట. "ఈడికొచ్చినంక గోడదిక్కు మొకం పెట్టి పండుకునేటోడు. మగ్గంల కూసున్నంకనే ఇంత తింటుండు" అన్నాడు మెల్లగా. ఆ మాట వినకుండా ఉంటే బాగుండేది. మేస్త్రీ మాత్రం, గుంతను కాంక్రీటుతో నింపకపోతే పైన కాపురం చేయొద్దని తేల్చేశాడు.

నింపే రోజు కొడుకే మగ్గం విప్పి గోడకు ఆనించాడు. తండ్రికి చెప్పడం మాత్రం తన వల్ల కాలేదు. "మీరే చెప్పుండ్రి అన్నా" అని నా చేతులు పట్టుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే ముసలాయన సిమెంటు బస్తా తడిమి చూశాడు.

"సిమెంటు గుంత కట్టిస్తున్నవా కొడుకా! మా ఊర్ల పెద్ద పెద్దోళ్ళకు గూడ మట్టి గుంతలే. నీ కడుపు సల్లగుండ."

కొడుకు బయటికి వెళ్ళిపోయాడు. మేస్త్రీ పోయమంటావా అన్నట్టు నా వైపు చూశాడు. తలూపాను. గుంత అంచుల దాకా నిండుతుంటే చూపు సరిగా ఆనని ముసలాయన ఆ చప్పుడు శ్రద్ధగా విన్నాడు.

"ఎప్పటికి ఆరుతది?"

"జర టైం పడుతది బాపూ" అన్నాను.

అయితే అప్పటిదాకా ఎవరూ తొక్కకుండా తాను చూసుకుంటానని, కర్ర పట్టుకుని గడపలో కాపలా కూర్చున్నాడు.