మందుకు చావని నల్లులు

నా చిన్నప్పుడు మా అమ్మ చేతిలోని కుట్టుపనిని ఒక నల్లి పేరు చెప్పి లాక్కున్నారు. ఆమె తప్పేమీ లేదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

అవి యాభైల నాటి రోజులు. కోడంబాక్కంలో వరుస ఇళ్ళలో ఉండేవాళ్ళం. అమ్మ ఒక సినిమా కంపెనీకి దుస్తులు కుట్టేది. రాజుల కోట్లు, సైనికుల చొక్కాలు మూటగా ఇంటికొచ్చి, జరీ అంచులు, బొత్తాలు తగిలించుకుని మళ్ళీ మూటగా వెళ్ళేవి. నాన్న లేడు. ఆ మూటల మీదే ఇల్లూ, నా బడీ నడిచేవి. ఒకరోజు షూటింగులో రాజు వేషం వేసినాయన సింహాసనం మీది నుంచి ఎగిరి గంతేశాడట. వెల్వెట్ కోటు విప్పి చూస్తే మెడపట్టీలో నల్లి. ఆ సాయంత్రం కంపెనీ దుస్తుల మేస్త్రీ మా గడప బయటే నిలబడి, వరుసంతా వినబడేలా అన్నాడు:

"ఏమ్మా, ఊరంతా మందు కొట్టినారే, నీ ఇంట్లో మాత్రం నల్లులు కాపురం ఉండాయా? ఇంక మూట ఈడికి రాదు, పో."

నాకు మండేది అక్కడే. మా ఇంట్లో పడినంత మందు ఆ వరుసలో ఏ ఇంట్లోనూ పడలేదు. డీడీటీ పొడి వచ్చిన కొత్తలో నల్లులు మంచాల కింద రాలి పడ్డాయి. అది చూసి అమ్మకు ఆ పొడి మీద భక్తి కుదిరింది. మంచాలు ఎండలో వేయడం, నులక మీద సలసల కాగే నీళ్ళు పోయడం మానేసింది. జరీ గుడ్డలున్న ఇంట్లో తడి మంచాలు ఎందుకని ఆమె ఆలోచన. కొన్నాళ్ళకు నల్లులు మళ్ళీ కనిపించాయి. ఇంకాస్త చల్లింది. ఇంకా ఎక్కువయ్యాయి. ఇంకా చల్లింది.

మేస్త్రీ వెళ్ళాక పక్కింటి అక్క వచ్చింది. ఎలక్ట్రిక్ రైలెక్కి కాలేజీకి వెళ్ళి జంతుశాస్త్రం చదివేది. అమ్మను ఓదార్చలేదు. రెండు ఖాళీ ఊరగాయ సీసాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఒకదాంట్లో మీ మంచం నల్లులు, ఇంకోదాంట్లో మా మంచం నల్లులు పట్టుకురా. కలిపినావంటే తంతా."

వాళ్ళ అవ్వకు పొడి వాసన పడదు కనుక వాళ్ళింట్లో ఎండా, వేడినీళ్ళే. అక్క రెండు సీసాల్లోనూ ఒకే పొడి చల్లి, మూతికి గుడ్డ కట్టింది. మర్నాడు చూస్తే వాళ్ళ నల్లులు దాదాపు అన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. మావి గాజు ఎక్కబోయి జారుతూ, మళ్ళీ ఎక్కబోతున్నాయి. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. మా నల్లులు మందుకు అలవాటు పడిపోయాయక్కా అన్నాను.

"అలవాటూ లేదు, మన్నూ లేదు. మా సీసాలో చూడు, ఒకటి ఆడ నడస్తా ఉంది. దానికి ఈ పొడి కొత్త గదా? ఎవురు నేర్పినారు రా దానికి?"

ఎవరూ నేర్పలేదు. అది పుట్టుకతోనే వేరు. ఒక తల్లి పిల్లల్లోనే ఒకరు తల్లి రంగు, ఒకరు అమ్మమ్మ రంగు అయినట్టు, నల్లుల్లోనూ తేడాలుంటాయని అక్క విడమరిచి చెప్పింది. మా మంచంలోనూ మొదట అలాంటివి ఏ కొన్నో ఉండి ఉంటాయి. పొడి లేని రోజుల్లో ఆ తేడా వాటికి కూడూ పెట్టలేదు, గుడ్డా పెట్టలేదు. పొడి వచ్చేసరికి మంచం లోకమే మారిపోయింది. తక్కినవి పోయాయి. ఆ మిగిలినవే పిల్లల్ని పెట్టి, తమ గట్టితనాన్ని వాటికిచ్చి, ఖాళీ అయిన మంచమంతా నింపాయి. పొడి వాటికి ఏమీ నేర్పలేదు, ఏరి పెట్టిందంతే. అమ్మ ఎంత శ్రద్ధగా చల్లితే అంత బాగా ఏరింది. మాది మందు పడని ఇల్లు కాదు, అందరికన్నా ఎక్కువ పడిన ఇల్లు.

అమ్మ ఆ సీసాలు రెండూ చూసింది. తర్వాత మంచాలు బయటికి ఈడ్చి, పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. కాగే నీళ్ళ ముందు మా నల్లుల గొప్ప ఏమీ సాగలేదు. మూటలు మాత్రం తిరిగి రాలేదు. అక్క సీసాలు పట్టుకుని స్టూడియో గేటు దాకా వెళ్ళింది, లోపలికి వదల్లేదు. ఏడాది తిరక్కముందే నా బడి ఆగింది.

తర్వాత చదివిందంతా పాత పుస్తకాల అంగళ్ళ ముందు నిలబడి చదివిందే. జీవులు మారే తీరుకు పెద్ద పెద్ద పేర్లున్నాయని అక్కడే తెలిసింది. దోమలు మందుకు అలవాటు పడ్డాయని ఇవాళ ఎవరైనా అంటే ఊరుకోలేను. పిలిచి కూర్చోబెట్టి, ముందు నుంచే వేరుగా పుట్టినవి ఉంటాయయ్యా అని చెబుతాను. ఒక ఇంటి మీద నింద విన్నప్పుడు ఆ ఇంట్లో ఏం జరిగిందో చూడకుండా తల ఊపను.

పెద్దయ్యాక ఒకసారి ఆ మేస్త్రీ టీ అంగట్లో కనిపించాడు. ముసలివాడయ్యాడు. నేనెవరో చెప్పి, ఎన్నో చేతులు మారే కోటులో ఉన్నది మా ఇంటి నల్లేనని ఎలా చెప్పారని అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి, ఏమీ దాచకుండా చెప్పాడు:

"మా పెట్టెల నిండా నల్లులే గదప్పా, నాకు తెలీదా? ఆ సంగతి కంపెనీలో తెలిస్తే నా ఉద్యోగం ఊడేది. ఎవురిదో ఒక ఇల్లు చూపించాల్సొచ్చె. మిగతా కుట్టేవాళ్ళంతా ఎదురు తిరిగే రకం. మీ అమ్మ తిరగదు."