వడియాలైన నా పురుగులు

మా ఇంట్లో నేను పురుగులు పెంచుతాను. ఆత్మకూరులో ఈ మాట ఎవరితో అన్నా ముందు నా మొహంలోకి చూస్తారు, ఆ తర్వాత మా ఇంట్లో కాఫీ తాగడం మానేస్తారు. మానేస్తే మానేయనీ, నాకు కాఫీపొడి మిగులుతుంది.

పురుగంటే మనవాళ్లకు తిట్టు. గిట్టనివాణ్ణి పురుగులు పడి పోతావని శపిస్తారు. బియ్యంలో పురుగు కనిపిస్తే ఇల్లాలిది తప్పు, వంకాయలో కనిపిస్తే కొని తెచ్చిన మొగుడిది తప్పు. అలాంటి పురుగుల్ని ఏరి కోరి తెచ్చుకొని, తిండి పెట్టి సాకే ఆడదాన్ని ఏమనాలో వాళ్లకు ఇంకా తోచలేదు. తోచినా నా ముందు అనే ధైర్యం లేదు.

పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లాక ఫైటర్ చేపల జంటను కొనుక్కున్నాను. మా ఆయన మోటార్లు రిపేరు చేసే షాపు నుంచి వచ్చి, అద్దాల తొట్టి చూసి, "రెండు దినాల మోజులే" అన్నాడు. ఆ మోజు రెండేళ్లు దాటింది. మగచేప నీటిమీద బుడగల గూడు కడుతుంది, రాలిన గుడ్లను నోటితో ఏరి గూట్లో పెడుతుంది, రెక్క ఆడించుకుంటూ కాపలా కాస్తుంది. ఆ కాపలా చూస్తూ నేను పొయ్యిమీద పాలు పొంగబెట్టుకున్న రోజులున్నాయి.

పిల్లలు పుట్టాకే కష్టమంతా. ఆవగింజకంటే చిన్న నోళ్లు. పొడి మేత ముట్టవు. కళ్ల ముందు ఏదైనా కదిలితేనే నోరు తెరుస్తాయి. మొదటిసారి ఉడికించిన గుడ్డు సొన వేశాను, నీళ్లు కంపు కొట్టి అన్నీ చచ్చాయి. రెండోసారి ఏమీ వేయకుండా చూశాను, ఆకలికి చచ్చాయి. గొర్రెల కాపరి కూతుర్ని నేను. రెండు ఈతల పిల్లలు వరసగా పోతే మా నాయన ఎలా తల పట్టుకొని కూర్చునేవాడో అలాగే కూర్చున్నాను.

అప్పుడు నెల్లూరులో చేపలమ్మే ఒకాయన చిన్న గిన్నెలో మైక్రో వర్మ్స్ అనే సన్న పురుగుల్ని చేపపిల్లల మేతకని ఇచ్చాడు. వాటిని పెంచడం పెరుగుకు తోడు వేసినంత తేలిక. ఓట్స్ జావ కాచి చల్లార్చాలి, చిటికెడు ఈస్ట్ చల్లాలి, పాత డబ్బాలోంచి ఒక చెంచాడు తోడు కలపాలి. నాలుగైదు రోజులకు పురుగులు డబ్బా గోడలెక్కుతాయి. విడివిడిగా కంటికి ఆనవు. గోడకు నూనె రాసినట్టు ఒక మెరుపు, ఆ మెరుపు కదులుతూ ఉంటుంది. వేలితో తుడిచి తొట్టి నీళ్లలో జాడిస్తే చాలు. వాసనంటారా, దోసెపిండి రెండు రోజులు ఎక్కువ పులిస్తే వచ్చేదే.

ఎండ మాత్రం వాటికి పడదు. మా ఊరి ఎండాకాలంలో ఇంట్లో చల్లని చోటు ఒక్కటే, నీళ్లకుండ కింద తడి ఇసుక. డబ్బా అక్కడ పెట్టాను. మా అత్త చూసింది.

"తాగే నీళ్ల పక్కన పురుగులేందమ్మే? ఈ ఇంట్లో నేనన్నా ఉండాల, అవన్నా ఉండాల."

"ఎందుకొచ్చిన గొడవ, పారెయ్" అన్నాడు మా ఆయన, అన్నం కలుపుకుంటూ.

పారేశానని చెప్పాను. పారేయలేదు. మూతున్న స్టీలు గిన్నెలోకి మార్చి, అదే ఇసుకలో, దోసెపిండి గిన్నె పక్కన పెట్టాను. పెళ్లీడుకొస్తున్న కూతురున్నదాన్ని, నా ఇంట్లో నేనే దొంగలా గిన్నె మార్చుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మేనెలలో మూడోసారి గుడ్లు పగిలాయి. పిల్లలు గూడు వదిలి అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన పొద్దున, ఇక మేత వేయాల్సిన రోజని లెక్క. తండ్రి చేపను వేరే సీసాలోకి తీసి, కూరగాయలు తెచ్చి మేత వేద్దామని మార్కెట్టుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇసుకలో గిన్నె లేదు. శుభ్రంగా తోమి బోర్లించి ఉంది.

మేడ మీదికి పరిగెత్తాను. మా అత్త నెత్తిన తువ్వాలు వేసుకొని, పాత పంచె పరిచి, వడియాలు పెడుతోంది. వరసలు తీర్చి, ఒక్కటీ వంకర లేకుండా.

"పిండి పెట్టి మరిచిపోయినావే. పులిసి గబ్బు లేస్తా ఉండాది. పారేసేదానికి చేతులు రాక, ఇంకొంచెం బియ్యప్పిండి ఉడకేసి కలిపినాను. జీలకర్ర కూడా ఏసినా."

ఎందుకు అడిగానో తెలియదు, "ఉప్పు సరిపోయిందా అత్తా?" అన్నాను.

"నోట్లో ఏసుకొని చూసినాలే. బాగుండాది."

కళ్లద్దాలు పెట్టుకోదు ఆమె. పెట్టుకొని ఉంటే ఆ కదలిక కనిపించేదేమో. పంచె మీద చెయ్యి పెట్టి చూశాను, కాలింది. నవ్వు రావాల్సిన చోట ఏడుపు వచ్చింది. కింద తొట్టిలో వందకు పైగా పిల్లలు, మూడో ఈత, ఇది కూడా పోతుంది.

"అవి నా పురుగులు అత్తా" అన్నాను.

ఆమె వడియాల వైపు చూసింది, తన వేళ్ల వైపు చూసింది, ఆ తర్వాత మెట్లు దిగిన వేగం ఆ వయసువాళ్లు ఎవరిలోనూ నేను చూడలేదు. ఉప్పునీళ్లు పుక్కిలించింది, నిమ్మకాయ చప్పరించింది, మధ్యమధ్యలో వీధంతా వినేలా నన్ను తిట్టింది. వాటివల్ల ఏ రోగమూ రాదని చెప్పినా వినలేదు. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన మా ఆయన సంగతి విని, "ఇంక ఆ దరిద్రం ఈ ఇంట్లోకి రాకూడదు" అన్నాడు.

నేను సంచీ తీసుకున్నాను.

"ఎక్కడికి పోతా ఉండావు?"

"ఉదయగిరికి. పురుగులు తెచ్చుకునేదానికి. అన్నం, పప్పు పొయ్యి పక్కనుండాయి, పెట్టుకొని తినండి."

కిందటి నెల ఉదయగిరి పోయినప్పుడు మా నాయనకు చూపిద్దామని ఒక డబ్బా తీసుకెళ్లాను. ఆయన ఎగాదిగా చూసి, సగం తనకు పెట్టి పొమ్మన్నాడు. "గొర్రెల మందంతా ఒకే దొడ్లో కట్టేస్తారా పాపా? రోగం తగిలితే ఒక్క రేతిరికి ఖాళీ అయిపోదా? సగం వేరేచోట ఉండాల" అన్నాడు. ముసలాయన సరదా అనుకున్నాను. ఇప్పుడు బస్సులో కూర్చొని ఫోన్ చేశాను.

"ఉండాయా నాయనా?"

"నా గొర్రెలకన్నా బలంగా ఉండాయి. ఓట్సు నేనేడ తెచ్చేది? రాగిజావ ఏసినాను."

ఉదయగిరి బస్టాండులో కొండ నీడ పడని చోట, ఎండలోనే నిలబడి ఉన్నాడు నాయన. చేతిలో డబ్బాకు తడి తుండుగుడ్డ చుట్టి ఉంది. మూత తీస్తే జావ మట్టిరంగు, గోడల నిండా మెరుపు. ఆనందం పట్టలేక ఆయన భుజం పట్టుకున్నాను.

"మీ అత్త కంట పడనీకుండా పెట్టుకో" అన్నాడు.

"అదొక్కటీ చెప్పొద్దు నాయనా. దాచిపెట్టబట్టే అవి వడియాలైనాయి. ఈసారి అందరి కంటా పడాల."

తిరుగు బస్సులో మర్రిపాడు వైపు పోయే ఒకామె పక్కన కూర్చుంది. ఒళ్లో తడిగుడ్డ చూసి, "జున్నా అమ్మా?" అని ముచ్చటగా అడిగింది.

"పురుగులు" అన్నాను, ముందు సీటు దాకా వినపడేలా. ఆమె లేచి కండక్టరు పక్కన నిలబడింది. కిటికీ పక్క సీటు నాకే దక్కింది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. అత్త గడపలో కూర్చొని ఉంది, మా ఆయన వెనకాల నిలబడ్డాడు. ఇద్దరి మధ్యనుంచి లోపలికి వెళ్లి, తడిగుడ్డ విప్పి, డబ్బాను నీళ్లకుండ పక్కన ఇసుకలో నిలిపాను. స్టీలు గిన్నె కాదు, లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ డబ్బా.

"వాటిని మీ నాయనింటికే తీసకపో. ఆడే పెంచుకో" అంది అత్త.

అరవాలనుకున్నాను. గొంతు మామూలుగానే వచ్చింది.

"ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నీకు ఉప్పెంత, ఆయనకు కారమెంత అని వండుతా ఉండాను. నాకని ఒక్క గిన్నె ఎప్పుడూ పెట్టుకోలేదు. ఈ డబ్బా పట్టేంత చోటు కూడా నాకు లేకపోతే, ఇది నా ఇల్లు ఎట్టవుతుంది అత్తా? నువ్వు చెప్పు. ఆయన్నన్నా చెప్పమను."

మా ఆయన వాళ్లమ్మ వైపు చూశాడు.

మూత తీసి, గోడ మీది మెరుపును వేలితో తుడుచుకొని తొట్టి దగ్గరికి వెళ్లాను. జవాబు కోసం నేను ఆగలేదు. నా పిల్లలు పొద్దుటి నుంచీ పస్తులున్నాయి.