కోక్ కరగదు

ఒక ఉక్కు కర్మాగారంలో, కోక్‌ను పరీక్షించే ల్యాబ్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. మా వారి ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి ఎర్రగడ్డలో కుదురుకున్నాక, కొత్తగా చేరే కార్మికులకు చూపించడానికి పది నిమిషాల వీడియో తయారు చేయించమని ఆ కర్మాగారం వాళ్లే అడిగారు. ఫిల్మ్‌నగర్‌లో గ్రాఫిక్స్ చేసే చిన్న స్టూడియో ఒకటి దొరికింది. తేలికైన పనే అనుకున్నాను.

చెప్పవలసిన విషయం ఒక్కటే. బొగ్గును గాలి తగలకుండా బాగా కాలిస్తే మిగిలే గట్టి ముక్క కోక్. ఇనుము తీసే కొలిమిలో అది వేడి ఇవ్వడమే కాదు, మీద పడే ఖనిజం బరువంతా మోస్తుంది, వాయువులు పైకి పోవడానికి సందులు నిలబెడుతుంది. ఆ వాయువుల్లోని కార్బన్ డయాక్సైడ్ మాత్రం కోక్‌లోని సన్నని రంధ్రాల్లోకి దూరి లోపలి నుంచి తినేస్తుంది. ముక్క పైకి దాదాపు అలాగే కనబడుతుంది. లోపల గోడలు పల్చబడిపోయి, బరువు పడగానే చితికి పొడి అవుతుంది. పొడి సందులకు అడ్డం పడితే కొలిమి మొరాయిస్తుంది.

గ్రాఫిక్స్ చేసే అతను పెద్ద సినిమాలకు పేలుళ్లు చేసినవాడు. మొదటిసారి చూపించినప్పుడు కోక్ ఐస్‌క్రీమ్‌లా కరిగి కారిపోయింది. కరగదు బాబూ అని చెప్పి, నాలుగు పేజీలు రాసిచ్చాను. బొమ్మలు గీసిచ్చాను. వారం తర్వాత మళ్లీ జూబ్లీహిల్స్ ట్రాఫిక్‌లో గంటసేపు ఆటోలో కూర్చుని వెళితే, ఈసారి కోక్ టపాకాయలా పేలింది.

"ఇదెందుకు పేలింది?"

"ఊకె పొడి అయితే ఎవరు చూస్తరు మేడం? గీడ జర ఇంపాక్ట్ ఉండాలె."

"చూసేవాళ్లు కొలిమి దగ్గర పనిచేసేవాళ్లు బాబూ. టిక్కెట్ కొని రారు."

ల్యాబ్ నుంచి తెప్పించిన రెండు ముక్కలు బల్ల మీద పెట్టాను. ఒకటి కార్బన్ డయాక్సైడ్‌లో వేడిచేసే పరీక్షకు ముందుది, ఒకటి తర్వాతది. రెండోదాని అంచు గట్టిగా నొక్కితే నల్లటి పొడి కీబోర్డ్ మీద రాలింది. అతను గబగబా కీబోర్డ్ తుడుచుకున్నాడు. ముక్క వంక చూడలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, అయిపోతది," అన్నాడు.

మూడోసారి కోక్ కర్పూరంలా చిన్నదై చిన్నదై మాయమైపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ రోజు వ్యాఖ్యానం చదవడానికి కృష్ణానగర్ నుంచి డబ్బింగ్ ఆవిడ వచ్చింది. తెనాలి వైపు మనిషి. కాగితం రెండుసార్లు చదువుకుని నన్ను అడిగింది: "అంటే చెదలు పట్టిన గుమ్మంలాగా అన్నమాటేనాండీ? పైన రంగు బాగానే ఉంటుంది, వేలు పెడితే లోపలికి దిగిపోతుంది."

"అదేనమ్మా. అచ్చం అదే."

గ్రాఫిక్స్ అతను కుర్చీ ఇటు తిప్పాడు. "గట్లనా? గిది ముందుగాల చెప్పొద్దా మేడం?"

నాలుగు పేజీలు, రెండు ముక్కలు, మూడు వారాలు. సీసా ఎత్తి గటగటా మంచినీళ్లు తాగాను. అతని మీద ఎంత విసుగొచ్చిందో, ఇన్నేళ్లు ఆ పని చేసి అంత తేలిక మాట తట్టనందుకు నా మీదా అంతే వచ్చింది.

మూడు రోజుల్లో సరిగ్గా చేశాడు. రంధ్రాలు పెద్దవవుతూ, గోడలు పల్చబడుతూ, ముక్క చప్పుడు లేకుండా నెర్రెలిచ్చి రాలింది. చూసి ఊపిరి పీల్చుకున్నాను.

వీడియో పంపాక కర్మాగారం నుంచి అధికారి ఫోన్ చేశాడు. "అంతా బాగుందండీ. ఆ కోక్ విరిగే చోటే మరీ చప్పగా ఉంది. కాస్త మంటలేమైనా పెట్టిస్తారా?"

పెట్టించనన్నాను. రెండు రోజులు ఫోన్‌లో వాదించుకున్నాం. చివరికి మొదట్లో కొలిమి కనబడే చోట మంటలు పెంచడానికి ఒప్పుకున్నాను. గ్రాఫిక్స్ అతను అవి ఒక్క పూటలో, వంక పెట్టడానికి లేకుండా చేసి పంపాడు. కోక్ విరిగే చోటు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.