పిలవని భోజనానికి డబ్బాతో వెళ్లాను

ఈ రోజు చుండూరులో మా ఆఫీసు సుజాత వాళ్ల గృహప్రవేశం. సెక్షన్‌లో అందరికీ కార్డు ఇచ్చింది, నాకు తప్ప. కిడ్నీ జబ్బు వచ్చి ఎనిమిది నెలలుగా నేను ఉప్పు, పప్పు, పచ్చళ్లు మానేశాను. జనం నన్ను పిలవడం మానేశారు.

ఒళ్లు మండింది. అన్నం, ఉప్పులేని సొరకాయ కూర డబ్బాలో పెట్టుకుని తెనాలిలో బస్సెక్కాను. నేరుగా వెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నాను. సుజాత పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో అక్కా, మీరేమీ తినలేరు కదా, చూసి బాధపడతారని పిలవలేదండి."

"తినొద్దన్నారు గానీ, కూర్చోవద్దని ఏ డాక్టరూ చెప్పలేదమ్మా. ఆకు వెయ్యమను."

వేశారు. గారెలు, గోంగూర వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టి, నా కూర నేనే వడ్డించుకున్నాను. పక్కనున్న పెద్దావిడ, "నాకూ బీపీ ఉందమ్మా, కాస్త ఇటు వెయ్యి" అంది. ఒక ముద్ద తిని మొహం చిట్లించింది.

"రోజూ ఇదెలా తింటున్నావే తల్లీ?"

"ఇది తినడం అలవాటైంది పిన్నిగారూ. ఒక్కదాన్నే తినడమే అలవాటు కాలేదు."

ఆవిడ తన భోజనం అయిపోయినా, నా డబ్బా ఖాళీ అయ్యేదాకా లేవలేదు. పెద్దావిడ లేవలేదని బంతిలో ఎవరూ లేవలేదు.

నాకోసం విడిగా ఏమీ వండక్కర్లేదు. ఒక్క ఆకు ఎక్కువ తెప్పించండి చాలు. చెప్పండి, వచ్చే నెల ఎవరింట్లో శుభకార్యం?