పొర్లేదాకా పోసిన పెట్రోలు

నాకు మొదటి షిఫ్టు పడిన వారం మా వాడకట్టులో ఎవరూ అలారం పెట్టుకునేవారు కాదు. తెల్లవారకముందే నా బండి కిక్కు రాడ్డు చప్పుడు మొదలయ్యేది. తన్నడం, ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ తన్నడం. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకునేది. ఎదురింటి అవ్వ వాకిలి ఊడుస్తూ చీపురు ఆపి చూసేది.

"ఏం బిడ్డా, అది బండా, మొండి బర్రెనా? గన్ని తన్నులు తింటున్నా లేస్తలేదు."

"లేస్తదవ్వా. సలికి బిగుసుకున్నది."

"సలి యాడిది? శివరాత్రి పోయి ఎన్నొద్దులాయె!"

లోపలి నుంచి మా ఆవిడ గొంతు వినిపించేది. "ఏందయ్యా, అది లేవకపోతే లేవకపాయె, మమ్ములనన్నా పండనియ్యి."

అది పాతకాలపు సింగిల్ సిలిండరు బండి. బరువైనది. సెల్ఫ్ స్టార్టు లేదు. పదవీ విరమణ చేసి ఊరికి వెళ్లిపోతున్న ఒక పెద్దమనిషి దగ్గర తీసుకున్నాను. చాలా ఏళ్లు అది రెండో కిక్కుకే లేచేది. మంచిర్యాల వెళ్లినా, పెద్దపల్లి వెళ్లినా ఎక్కడా నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు. కిందటి వానాకాలం తరువాతే ఈ తిప్పలు మొదలయ్యాయి.

ఆ వానాకాలంలోనే నా కుడి మోకాలు దెబ్బతింది. గనిలో బొగ్గు టబ్బులు నెట్టే పనిలో ఉండగా తడి పట్టాల మీద జారిపడ్డాను. దవాఖానలో పడుకుని లేచాక నాకు తేలిక పని ఇచ్చారు. గని అడుగున పంపు దగ్గర డ్యూటీ. పల్లంలోని గుంటలోకి ఊట నీళ్లు చేరుతూ ఉంటాయి. పంపు వాటిని పైకి తోడుతూ ఉండాలి. పంపు ఆగితే నీళ్లు పని స్థలాల్లోకి ఎక్కుతాయి. అందుకని అక్కడ ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. నేను వెళ్లి చేయి కలిపేదాకా ముందు షిఫ్టు మనిషి కదలడానికి లేదు.

ఆ ముందు షిఫ్టు మనిషి వరసకు నాకు బావ. నాకు పంపు పని నేర్పింది ఆయనే. నాకు మొదటి షిఫ్టు ఉన్న వారం ఆయనకు రాత్రి షిఫ్టు. ఆయనకు షుగరు. పొద్దున ఇంటికి చేరి వేళకు సూది వేసుకుని, వేళకు తినాలి. నా బండి తెల్లారేదాకా లేవని ప్రతి పొద్దూ ఆయన గని అడుగున, పంపు పక్కన చెక్క బల్ల మీద, నా టోపీ దీపం ఎప్పుడు కనిపిస్తుందా అని చూస్తూ కూర్చునేవాడు.

మొదట్లో నవ్వేవాడు. "ఏం బామ్మర్దీ, ఇయ్యాల పెండ్లికొడుకు లేవలేదా?" అని నా బండి సంగతి అడిగేవాడు. తరువాత ఆ నవ్వు తగ్గింది. ఒకనాడు నేను కుంటుకుంటూ వెళ్లేసరికి గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. ముఖమంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. జేబులోని చక్కెర పొట్లం విప్పబోతే కింద పడిందట. వంగి తీసుకునే ఓపిక లేదు. నేనే తీసి నోట్లో పోశాను. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"ఫికర్ జెయ్యకు. ఇది నాకు అలవాటే," అన్నాడు.

ఆ మరుసటి రోజు నుంచి ఆయన రెండు డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఒకటి రాత్రికి. రెండోది నేను ఆలస్యంగా వస్తే తినడానికి. మా అక్క, అంటే ఆయన భార్య, ఏమీ అనకుండానే ఆ రెండోది కట్టిస్తోందని తెలిసి నాకు సిగ్గేసింది.

మా వైపు నుంచి ఆ వేళకు ఆటోలు దొరకవు. నడవడానికి మోకాలు ఒప్పుకోదు. కొత్త బండి కొనుక్కోమని అందరూ చెప్పేవారే, కానీ అప్పుడు ఇంటి మీద రేకులు తీసి స్లాబు వేయిస్తున్నాం. కనుక ఈ బండినే దారికి తేవాలి.

నేను బడిలో చదివింది ఏడో తరగతి దాకానే. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. రెండో షిఫ్టు ఉన్న వారాల్లో పొద్దుటిపూట వెళ్లి కూర్చునేవాణ్ణి. చరిత్ర, భూగర్భ శాస్త్రం, వైద్యం, ఏది దొరికితే అది. బొగ్గు ఎలా పుట్టిందో మా గనిలో చాలామందికి నేనే చెప్పాను. అందుకని బండి విషయంలోనూ నేరుగా పుస్తకం దగ్గరికే వెళ్లాను. యంత్రాల అరలో అట్ట ఊడిన పాత పుస్తకం ఒకటి దొరికింది. అంతర్దహన యంత్రం నడవడానికి మూడు కావాలి: సరిపడా ఒత్తిడి, వేళకు నిప్పురవ్వ, గాలితో కలిసిన ఇంధనం. సంతోషం వేసింది. మూడే కదా, ఒకటొకటిగా చూసుకుంటే దొంగ దొరకాల్సిందే అనుకున్నాను.

ఒత్తిడి చూశాను. కాలితో మెల్లగా నొక్కితే కిక్కు రాడ్డు నా బరువంతా మోసి నిలబడింది. బాగానే ఉంది. ప్లగ్గు విప్పి, వైరుకు తగిలించి, ఇంజను మీద ఆనించి కిక్కు కొట్టాను. నీలిరంగు రవ్వ టపటపమని పడింది. అదీ బాగానే ఉంది. ప్లగ్గు కొన తడిగా, పెట్రోలు వాసనతో ఉంది. అంటే పెట్రోలు కూడా అందుతోంది. మూడూ ఉన్నాయి. బండి మాత్రం లేవదు.

చౌరస్తా దగ్గరి మెకానిక్కు కండెన్సరు మార్చాడు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు గరుకు కాగితంతో రుద్దాడు. అతని దగ్గర మధ్యాహ్నం ఎండలో బండి ఒక్క తన్నుకే లేచేది. "అన్నా, బండి బంగారం. నీ కాల్లనే దమ్ము లేదు," అని నవ్వేవాడు. నిజమేనేమో అనుకునేవాణ్ణి. మళ్లీ తెల్లవారుజామున నా వాకిట్లో అదే కథ. మోకాలు వాచి లుంగీ మడత కూడా బరువనిపించేది. దవాఖానలో డాక్టరు కిక్కు కొట్టడం మానమన్నాడు. మోకాలు బాగుండాలంటే కిక్కు మానాలి. కిక్కు మానితే బావ కింద కూర్చుని ఉంటాడు.

సెలవు రోజు మధ్యాహ్నం బావే మా ఇంటికి వచ్చాడు. "ఏది, నీ పెండ్లికొడుకును నేనొకసారి జూస్త," అన్నాడు. ఆయనకు బండ్ల సంగతి తెలియదు. జీవితమంతా సైకిలు మీదే డ్యూటీకి పోయిన మనిషి.

"తన్నే ముందు ఏం జేస్తవో జెప్పు," అన్నాడు.

చెప్పాను. ట్యాంకు కింది పెట్రోలు కాక్ తిప్పాలి. కార్బొరేటరు పక్కన చిన్న బటను ఉంటుంది. అది నొక్కితే పెట్రోలు లోపలి గిన్నెలోకి దిగుతుంది. తరువాత తన్నాలి.

ఆయన కూర్చుని, బటను నొక్కి పట్టుకున్నాడు. తల వంచి చెవి దగ్గరగా పెట్టాడు. గిన్నె నిండింది. ఆయన వేలు తీయలేదు. పెట్రోలు అంచు దాటి ఇంజను మీదుగా నేల మీదికి బొట్లుబొట్లుగా కారింది. అప్పుడు వేలు తీసి, లేచి, నా వైపు చూసి తృప్తిగా తల ఊపాడు.

"నిండింది. గాలంత పోయింది. ఇగ తన్ను."

నేను కిక్కు మీద కాలు పెట్టి ఆగిపోయాను. ఆ తల ఊపడం నాకు తెలుసు. పంపు దగ్గర నాకు నేర్పిన మొదటి రోజు ఆయన అచ్చం అలాగే ఊపాడు. పంపు నడవాలంటే ముందు దాని పొట్టలో గాలి ఉండకూడదు. పై నుంచి నీళ్లు పోస్తూ పోవాలి. బుడగలు ఆగి, నీళ్లు పొర్లి బయటికి కారితే గాలి పోయినట్టు. అప్పుడే స్విచ్చు వేయాలి. ఒక్క బుడగ మిగిలినా పంపు ఉత్తగా తిరుగుతుంది, నీళ్లు ఎక్కవు. వానాకాలం నుంచి నా చేతులు రోజూ చేస్తున్న పని అది. ఆ చేతులే పొద్దున బండి దగ్గర కూడా పొర్లేదాకా పట్టుకుంటున్నాయి. నేను గమనించలేదు. ఇంకో మనిషి వేలు ఆ బటను మీద ఉంటే కనిపించింది.

"బావా, దీనికి గాలి కావాలె," అన్నాను.

"ఏంది?"

"గాలి లేకపోతే పెట్రోలు ఎట్ల మండుతది? మనం దీన్ని పంపు లెక్క నింపుతున్నం. లోపల నీళ్ల మునిగినట్టయితున్నది."

ఆయన నేల మీది తడిని చూశాడు, నన్ను చూశాడు. "ఓరి నీ! దీన్ని సుత పంపు డ్యూటీల వెట్టినమా!" అని నడుం పట్టుకుని నవ్వాడు.

పెట్రోలు కాక్ మూసేశాను. ప్లగ్గు విప్పి తుడిచి ఎండలో పెట్టాను. యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని ఖాళీగా నాలుగు తన్నులు తన్నితే ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్మింది. ప్లగ్గు బిగించి, కాక్ తిప్పి, ఈసారి బటను అసలు ముట్టుకోలేదు. హ్యాండిలు దగ్గర కరెంటు చూపే అంపియరు ముల్లు నడిమికి వచ్చేదాకా రాడ్డును మెల్లగా దించి, ఒత్తిడిని వదిలే డీకంప్రెషన్ మీట నొక్కి ఇంకొంచెం దించి వదిలాను. తరువాత ఒక్కటే తన్ను. నల్లటి పొగ గుప్పున వచ్చింది. బండి లేచింది. ఎదురింటి అవ్వ తలుపు తీసి, "పగటీల లేపితివేంది బిడ్డా!" అంది.

బావ ఆ పొగలో నిలబడి దగ్గుతూనే ఇంజను మీద చెయ్యి వేసి చూశాడు, జ్వరం చూసినట్టు.

ఆ పుస్తకంలో 'గాలితో కలిసిన' అనే మాట ఉండనే ఉంది. నేను ఇంధనం దగ్గరే ఆగిపోయాను. తడి ప్లగ్గును చూసి అంతా సరిగ్గా ఉందనుకున్నాను. మెకానిక్కు ఎండలో బటను నొక్కకుండానే తన్నేవాడు, అదీ గమనించలేదు. పంపు మనిషికి తడి కనిపిస్తే మనసు నిమ్మళంగా ఉంటుంది.

తరువాతి మొదటి షిఫ్టు వారం, మొదటి రోజు, బండి రెండో తన్నుకు లేచింది. ఆ రెండు తన్నులకే మోకాలు భగ్గుమంది. బండి బాగయింది కానీ ఇన్ని నెలలు తన్నిన కాలు బాగు కాలేదు. గనిలోకి దిగే వాలులో కట్టె ఊతం పట్టుకుని, మధ్య మధ్య నిలబడుతూ దిగాను. అయినా వేళకే చేరాను.

బావ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నా దీపం చూసి నమ్మనట్టు కళ్లు నలుపుకున్నాడు.

"లేచిండా?"

"లేచిండు."

లేచి భుజాన తువ్వాలు వేసుకున్నాడు. పక్కనున్న రెండు డబ్బాల్లో మూత తీయనిది నా చేతిలో పెట్టాడు. "ఇది నీ లేటుకు మీ అక్క కట్టింది. నువ్వు లేటు కాలేదు. నువ్వే తిను," అన్నాడు.

"ఇంటికివోయి జల్ది తిను బావా."

"తింట, తింట. నాకు జెప్పకు. కాలు సాపు."

ఆయన దీపం వాలులో పైకి ఎక్కుతూ చిన్నదవుతూ పోయింది. నేను బల్ల మీద కాలు చాపాను. పంపు నడుస్తోంది. డబ్బాలో జొన్న రొట్టె, మిరప తొక్కు ఉన్నాయి. రాత్రంతా ఉండి రొట్టె గట్టిపడింది. సీసాలోని నీళ్లు చల్లుకుంటూ, మెత్తబడేదాకా ఆగుతూ, మెల్లగా తిన్నాను.