మేస్త్రికి వినపడని ఈల

మా వీధిలో సైలెన్సర్ మేస్త్రి కారు మలుపు తిరిగిందంటే, గ్లాసు నీళ్లలో పెట్టుకున్న నా కట్టుడు పళ్లు వాటంతటవే కటకటలాడేవి. నేను పెంచి చెబుతానని మా ఇంట్లో వాళ్లంటారు. వాళ్ల పళ్లు వాళ్ల నోళ్లలోనే ఉన్నాయి, వాళ్లకేం తెలుస్తుంది? ఎదురింటి పిట్టగోడ మీది పావురాలు మంచీచెడూ మాట్లాడుకుని పక్క వీధికి మకాం మార్చేశాయి. గడియారాలు బాగుచేసే ఆయనైతే ఆ కారు దాటిపోయేదాకా పట్టకారు కింద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

మేస్త్రి మాత్రం ఎవరేమన్నా నవ్వేసేవాడు. "పాతదైనా పిల్లిలా నడుస్తుందండీ," అనేవాడు. ఆ పిల్లి ఏ అడవిదో మేమెవరం అడగలేదు.

ఆయన షెడ్డు సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా ఉంది. రేకుల కప్పు, కారు కింద నిలబడి పనిచేయడానికి నేలలో ఒక గుంట, గోడ నిండా మేకులకు వేలాడే వంకర గొట్టాలు. ఇంజను వదిలే పొగనూ మోతనూ బండి కిందనుంచి వెనక్కి తీసుకుపోయే గొట్టం వంచడం, మధ్యలో వచ్చే డబ్బాను చేత్తో తయారు చేయడం ఆయన పని. ఆ డబ్బాలో చిల్లులు పొడిచిన గొట్టం ఒకటి ఉంటుంది. దాని చుట్టూ ఇనుప పీచు కూరుతాడు. మోత ఆ చిల్లుల్లోంచి దూరి పీచులో పడి అలిసిపోవాలి. అలిసిందో లేదో మేస్త్రి అరచేత్తో చూసేవాడు. ఇంజను నడుస్తుండగా గొట్టం చివర చెయ్యి అడ్డం పెట్టి, కళ్లు మూసుకుని, "ఆ, సరిపోయింది," అనేవాడు. నాడి చూసే వైద్యుడిలా ఉండేవాడు ఆ క్షణంలో.

ఒకప్పుడు కుర్రకారు వచ్చి, తమ కార్లు వీధి అదిరేలా అరవాలని గొట్టాలు మార్పించుకునేవారు. తర్వాత నిబంధనలొచ్చాయి. పాత కార్లూ, ఇలా మార్పులు చేయించిన కార్లూ పరీక్షకు రావాలి. పొగ హద్దు దాటకూడదు, మోత హద్దు దాటకూడదు. దాటితే నంబరు రద్దు. దాంతో ఆ కుర్రకారే బెదురు ముఖాలతో తిరిగొచ్చింది. అరుపు పెట్టిన చెయ్యే అరుపు తీసింది. రెండు వైపులా పని దొరికిన మనిషి ఈ లోకంలో మేస్త్రి ఒక్కడేనని నేను అనేవాణ్ణి.

"మీరు ఊరుకోండి, అన్నయ్యగారూ. ఈ మధ్య వచ్చేవాళ్లు తగ్గారు. ఒకసారి చేయించుకున్నవాళ్లు మళ్లీ కనపడటం లేదు," అనేది ఆయన భార్య. నేను ఆమెను చెల్లెమ్మా అని పిలుస్తాను.

"కొత్త షాపుల్లో అద్దాల తలుపులున్నాయి కదా, అందుకే అటు పోతున్నారు," అనేవాడు మేస్త్రి. అంతకు మించి ఆలోచించేవాడు కాదు.

అలాంటి మేస్త్రి సొంత కారుకు పరీక్ష వచ్చింది. నాకు వేరే పనేముంది కనుక, నేనూ ఎక్కి కూర్చున్నాను.

పరీక్ష జరిగేది పెద్ద గోదాములాంటి చోట. నేల మీద పసుపు గీతలు, ఒక మూల పొగ కొలిచే యంత్రం, గొట్టానికి కాస్త పక్కగా స్టాండు మీద నిలబెట్టిన మోత కొలిచే మీటరు. దాన్ని చూసేది ఎవరో కాదు, మేస్త్రికి స్వయానా బావమరిది. భార్య తమ్ముడు.

"ఏరా బావమరిదీ, పెళ్లిలో నీ చెప్పులు దాచేశానని ఇవాళ కసి తీర్చుకోవుగా?" అన్నాడు మేస్త్రి, కిటికీలోంచి తల బయటపెట్టి.

"ఆ చెప్పులు ఇప్పటికీ దొరకలేదు బావా. ముందు ఇంజను రేజ్ చెయ్యి."

మేస్త్రి యాక్సిలరేటర్ తొక్కి పట్టి వదిలాడు. బావమరిది మీటరు చూశాడు, మళ్లీ తొక్కమన్నాడు, మళ్లీ చూశాడు. ముఖంలో నవ్వు పోయింది.

"పొగ ఫరవాలేదు. మోత చాలా ఎక్కువుంది బావా."

"నీ మీటరు బాగు చేయించు."

"పొద్దుటినుంచి దీంతోనే చూస్తున్నా. నెలాఖరులోగా మళ్లీ తీసుకురా. అప్పుడూ ఇలాగే ఉంటే నేనేం చేయలేను, బండి తుక్కుకి పోవాల్సిందే. అక్కకి నువ్వే చెప్పుకో."

తిరిగి వస్తుంటే మేస్త్రిని రెండు దిగుళ్లు పట్టుకున్నాయి. బండి పోతుందన్న బాధ ఒకటి. దాంతోనే ఆయన గొట్టాలు మోసుకొచ్చేది, దాంతోనే భార్యను ఆసుపత్రికి తీసుకెళ్లేది. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. అది తనే చెప్పాడు. "సైలెన్సర్ మేస్త్రి బండే మోతలో తప్పిందంటే ఇంక నా షెడ్డు గడప ఎవడు తొక్కుతాడండీ?"

వచ్చిన వెంటనే డబ్బా కోసి, ఇంకా పీచు కూరాడు. అడ్డు పలకలు పెట్టాడు. అరచెయ్యి పెట్టి చూసి తృప్తిపడ్డాడు. మళ్లీ వెళ్లాం. ఈసారి ఇంజను, దిండు కింద ముఖం పెట్టి దగ్గేవాడిలా ఉంది. మోత కాస్త తగ్గింది, అయినా హద్దు మీదే ఉంది. ఇక పొగ యంత్రం కడ్డీ గొట్టంలో పెట్టగానే బావమరిది తల పట్టుకున్నాడు.

"ఊపిరాడకుండా కూరావు బావా. పెట్రోలు సరిగ్గా కాలక అంతా పొగే వస్తోంది. మొన్న ఒక్కదాంట్లోనే తప్పింది. ఇవాళ రెండింట్లోనూ తప్పింది."

"కూరితే పొగ, తీస్తే మోత. మరి నన్నేం చేయమంటావు?"

"నాకు తెలిస్తే నేనే షెడ్డు పెట్టుకునేవాణ్ణి కదా."

ఆ సాయంత్రం షెడ్డులో కూరిందంతా పీకేసి, మేస్త్రి మొదటికొచ్చాడు. నేను తిరగేసిన డబ్బా మీద కూర్చుని సలహాలిస్తున్నాను. నాకు కార్ల గురించి ఏమీ తెలియదు, అందుకే ధారాళంగా ఇస్తున్నాను. చెల్లెమ్మ మా ఇద్దరికీ టీ తెచ్చింది. మేస్త్రి యాక్సిలరేటర్ తొక్కి పట్టాడు. ఆమె టీ గ్లాసు నాకిస్తూ ముఖం చిట్లించింది.

"అన్నీ చేస్తున్నారు గానీ, ఆ ఈల తీయరేంటండీ?"

మేస్త్రి కాలు తీశాడు. "ఏ ఈల?"

చిన్నప్పుడు కాన్వెంటులో అల్లరి చేస్తే సిస్టర్ నన్ను తలుపు బయట నిలబెట్టేది. అక్కడ నిలబడి నిలబడి నాకు ప్రతి చప్పుడూ పట్టుకునే అలవాటు పడింది. ఆ ఈల నాకు ఎప్పటినుంచో తెలుసు. ఇంజను వేగం అందుకుంటున్నప్పుడు, కింద దడదడల మీదనుంచి సన్నగా, సూదిలా లేచే కేక. నా పళ్లను కదిలించేది అదే. వీధిలో అందరికీ తెలుసు. కారు ఉన్న మనిషికే తెలియదని మాత్రం మేమెవరం అనుకోలేదు.

"ఏ ఈల అంటారేంటి? ఇంకోసారి తొక్కండి," అంది ఆమె.

తొక్కాడు. ఈల లేచింది. ఆమె చెయ్యి పైకెత్తింది. మేస్త్రి ఆమె చెయ్యి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను టీ గ్లాసులోకి చూశాను.

"నీకు వినపడుతోందా?" అన్నాడు భార్యతో.

"మీకు వినపడటం లేదా?"

ఆయన ఇంజను ఆపేశాడు. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి. "ఎన్నాళ్లనుంచి ఉంది?"

"చాలా ఏళ్లయింది. బండి తీరే అంత అనుకున్నాను."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"సైలెన్సర్ మేస్త్రికి మోత గురించి నేను చెప్పేదేంటండీ?"

అరచేతికి దడ తెలుస్తుంది. సన్నటి కేక అరచేతికి తెలియదు. దానికి చెవి కావాలి. జీవితమంతా ఇనుము కోసే రంపాల మధ్య, అరిచే ఇంజన్ల పక్కన నిలబడ్డ ఆ చెవుల్లో పైస్వరాలు ఎప్పుడో రాలిపోయాయి. మాటలు వినపడుతూనే ఉన్నాయి కనుక ఆయనకు అనుమానం రాలేదు. చూపు తగ్గితే అక్షరాలు మసకబారి చెబుతాయి. వినికిడి తగ్గితే లోకం ప్రశాంతంగా ఉందనిపిస్తుంది, అంతే.

"అయితే ఇంట్లో నువ్వు పిలిచినప్పుడు నేను పలకనిది కూడా అందుకేనా?" అన్నాడు.

"అది వేరే చెవుడు లెండి. అది నాకు పెళ్లైన కొత్తలోనే తెలుసు."

ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వు ముందుగా ఆగిపోయింది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ పని మొదలుపెట్టారు. ఆయన గుంటలో, ఆమె పైన సీట్లో యాక్సిలరేటర్ తొక్కుతూ. ఆమె ఒక రబ్బరు గొట్టం కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఆయన బండి కింద అటూ ఇటూ జరుపుతుంటే, ఈల ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆగమంది. ఆగింది డబ్బా దగ్గరే. ఆయన దాన్ని కోసి, చిల్లుల గొట్టం బయటికి తీసి, లోపల వేలు పెట్టాడు. వెంటనే వెనక్కి లాక్కున్నాడు. వేలికి రక్తం వచ్చింది. ప్రతి చిల్లుకూ లోపలి అంచున ముళ్లలా ఇనుము లేచి ఉంది. ఆ ముళ్లను ఒరుసుకుంటూ పోయే గాలే ఈల వేస్తోంది.

"మొదట్లో వీటికి ఆకురాయి పట్టి నున్నగా చేసేవాణ్ణి. తర్వాత పట్టినా పట్టకపోయినా ఒకేలా వినపడేది. అనవసరపు శ్రమ అనిపించి మానేశాను," అన్నాడు నెమ్మదిగా.

ఎందుకు ఒకేలా వినపడిందో ఇప్పుడు ముగ్గురికీ తెలుసు. అప్పటినుంచీ ఆయన చేతిమీదుగా వెళ్లిన డబ్బాలన్నీ ఇలాంటివేనని కూడా తెలుసు. తిరిగి రానివాళ్లు అద్దాల తలుపుల కోసం పోలేదు.

ఆయన ఆకురాయి తీసుకుని కూర్చున్నాడు. ఒక్కో చిల్లూ రుద్ది, వేలితో తడిమి, మళ్లీ రుద్దాడు. మధ్యలో తలెత్తకుండానే నాతో అన్నాడు. "ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. మోత తీసే వాడికే చెవులు లేవని తెలిస్తే నా పని అయిపోయినట్టే."

నా దగ్గర రహస్యం దాచడమంటే జల్లెడలో నీళ్లు పోయడమని మా ఆవిడ అభిప్రాయం. అయినా ఇది దాచాను. ఆమెకు కూడా చెప్పలేదు. రెండు పూటలు అన్నం సయించలేదంటే నమ్మరు మీరు.

మూడోసారి వెళ్లినప్పుడు చెల్లెమ్మ ముందు సీట్లో కూర్చుంది. బావమరిది పొగ చూశాడు, మీటరు చూశాడు, ఇంకోసారి తొక్కమని మళ్లీ చూశాడు. అద్దం మీద స్టిక్కరు అంటించి, కాగితం చేతికిచ్చాడు.

"ఏం చేశావు బావా?"

"మీ అక్కని అడుగు," అన్నాడు మేస్త్రి.

ఆమె స్టిక్కరు వైపు చూస్తూ కొంగు సర్దుకుంది. దాచమన్న మాట ఆమెకూ వర్తిస్తుందనుకుంది.

బయటికి వెళ్లే దారి లోపలికి వచ్చే వరస పక్కనుంచే ఉంటుంది. మా బండి ఎంత మెత్తగా కదులుతోందంటే, నా పళ్లు నా నోట్లో నిద్రపోయాయి. సగం దూరం వచ్చేసరికి చెల్లెమ్మ మెడ పక్కకి తిప్పింది. వరసలో ఒక ఎర్ర కారు, తక్కువ ఎత్తుకు దించి, వెడల్పు చక్రాలు వేసినది, కొద్దికొద్దిగా ముందుకు జరుగుతోంది. జరిగినప్పుడల్లా సన్నగా ఈల వేస్తోంది. స్టీరింగ్ దగ్గరున్న కుర్రవాడు గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"ఏమండీ, అది మీరు చేసిందే," అంది ఆమె చిన్నగా.

మేస్త్రి బ్రేకు వేశాడు. ఎర్ర కారును చూశాడు, కానీ దిగలేదు. వెనక ఎవరో హారను కొట్టారు. బండిని పక్కకు తీశాడు. చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం నాకు ఎంత కష్టమో మీకు తెలియదు.

ఆయన దిగి, ఎర్ర కారు కిటికీ దగ్గర వంగాడు.

"బాబూ, ఈ డబ్బా నా దగ్గరే వేయించావు కదూ?"

"అవునండీ. ఏమైంది?"

"లోపలికి వెళ్లకు, తప్పుతుంది. రేపు షెడ్డుకి తీసుకురా, నేనే సరిచేస్తాను. తప్పు నాది."

"మీరు చేసినప్పుడు విని చూసే ఇచ్చారు కదండీ?"

మేస్త్రి నడుం నిఠారుగా చేసుకుని ఒకసారి మా వైపు చూశాడు. వరసలో ముందూ వెనకా డ్రైవర్లు కిటికీలు దించి వింటున్నారు. గోదాము గుమ్మంలో బావమరిది కూడా నిలబడి ఉన్నాడు.

"నాకు వినపడదు బాబూ," అన్నాడు, అందరికీ వినపడేంత గట్టిగా. "ఇకనుంచి మా ఆవిడ వింటుంది, నేను చేస్తాను."

కుర్రవాడు బండి వరసలోంచి బయటికి తీశాడు. దాని వెనక ఇంకో బండి కదిలింది. చెల్లెమ్మ అద్దం దించి చెవి బయటపెట్టింది.

"ఆ తెల్లది కూడానండీ," అంది.