జ్వరమంటే జ్వరమే

నిన్న పొద్దున క్లాసులో అటెండెన్స్ తీసుకుంటుంటే బందరు నుంచి ఫోన్. ఏడుకొండలన్న లేడన్నారు. పిల్లల పేర్లు ఎక్కడ ఆపానో కూడా గుర్తులేదు.

అన్నది నాగాయలంక దగ్గర చేపల వేటకెళ్లే కుటుంబం. చుట్టూ రొయ్యల చెరువులొచ్చి ఊళ్లో బోరు నీళ్లు ఉప్పగా మారినప్పటి నుంచి కొట్లాడుతూనే ఉన్నాడు. ఆయన ఫోన్‌లో పెట్టే పోస్టుల్లో తప్పులు దిద్దే టీచర్ని నేను. అలా చెల్లెలినయ్యాను.

"ధర్నా అని రాస్తే ఫోన్‌లో మెషిన్ నలుగురికి కూడా చూపించదమ్మా. అదే పండుగప్ప చేప పులుసు ఫొటో పెట్టు, జిల్లా మొత్తం చూసిద్ది" అనేవాడు.

అందుకే మాకో కోడ్ తయారుచేశాడు. ధర్నా అంటే పెళ్లి. అరెస్టయితే జ్వరం. స్టేషన్ అంటే ఆస్పత్రి. జ్వరం పోస్ట్ పడితే, పోలీసులు వింటారు కాబట్టి ఎవరూ ఫోన్ చేయకూడదు, నేరుగా స్టేషన్‌కి వచ్చేయాలి.

ఓసారి "సోమవారం బందరులో మన పెళ్లి" అని పులుసు ఫొటోతో పెట్టాడు. రీచ్ అదిరిపోయింది. పామర్రు నుంచి ఒక పిన్నిగారు పట్టుచీర కట్టుకుని, స్టీలు బిందె ప్రెజెంటేషన్‌తో కలెక్టరాఫీసు దగ్గర దిగింది. అన్న ఆవిడకి దండం పెట్టి, ఆ బిందెలోనే మా ఉప్పునీళ్లు పోసి గేటు ముందు పెట్టాడు. ఆవిడ సాయంత్రం దాకా మాతోనే కూర్చుంది.

మొన్న పొద్దున అన్న పేజీలో పోస్ట్.

"జ్వరంగా ఉంది. చల్లపల్లి ఆస్పత్రికి వెళ్తున్నా. ఎవరైనా రండి."

ఐదుగురం పరుగున వెళ్లాం.

స్టేషన్‌కి.

"ఆయన్ని మేం తీసుకురాలేదండీ" అని కానిస్టేబుల్ మొత్తుకుంటూనే ఉన్నాడు. అబద్ధమని గొడవపడ్డాం. మెట్ల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా లైవ్ పెట్టాం. అన్నకి ఒక్క ఫోన్ కొట్టలేదు. రూల్ కదా. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

అన్న నిజంగానే ఆస్పత్రిలో ఉన్నాడు. ఒంటరిగా.

మాకు తెలిసి వెళ్లేసరికి, ఊపిరి అందడం లేదని బందరు తీసుకెళ్లిపోయారు. మళ్లీ కళ్లు తెరవలేదు. చల్లపల్లిలో ఉన్నంతసేపూ తలుపు చప్పుడైనప్పుడల్లా "మావాళ్లొచ్చారా" అని అడిగాడట. అక్కడి నర్సమ్మ చెప్పింది.

ఫోన్‌లో మెషిన్‌కి అర్థం కాకూడదని రాసుకున్నాం. చివరికి మాకే అర్థం కాలేదు. ఈ పాపం ఎక్కడ కడుక్కోను?

నిన్న గ్రూపులో "అన్న చనిపోయాడు" అని పెట్టాను.

అవనిగడ్డ నుంచి ఒకాయన వెంటనే అడిగాడు. "చనిపోవడం అంటే ఏంటి టీచర్‌గారూ? పేజీ బ్లాక్ చేశారా?"

లేదండీ. చనిపోయాడు.

వెళ్లిరా అన్నా. నీ మనసుకి ఇకనైనా శాంతి దొరకాలి.